చేపల కళ్ళు తెల్లబడిన ఏడాది

ఆ చేపల పెంపకం కేంద్రంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నీళ్ళు చూసే అక్క కాబట్టి నీళ్ళక్క. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి, పన్నెండు సిమెంటు తొట్ల చుట్టూ తిరిగేది. మీటరు తీగ నీళ్ళలో ముంచి, ఆక్సిజన్ ఎంత, వేడి ఎంత అని చూసి, ప్రతి తొట్టి గోడకూ వేలాడే పలక మీద సుద్దముక్కతో గుండ్రటి అంకెలు వేసేది. ఒక్క అంకె తేడా వచ్చినా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముంచి చూడందే ఆమె మనసు ఊరుకోదు. "నీళ్ళక్క ఇంట్లో కూరలో ఉప్పు కూడా మీటరు పెట్టే చూస్తుంది" అని వలలు లాగేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఆ మాటలో వెక్కిరింత కన్నా నమ్మకమే ఎక్కువని ఆమెకు తెలుసు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె అక్కడ చేరింది తొట్లు కడగడానికి. లారీ నడిపే భర్త ప్రమాదంలో పోయాడు, చేతిలో నాలుగేళ్ళ కూతురు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఖాళీ చేసిన తొట్టిలోకి దిగి, గోడల పాచి బ్రష్షుతో రుద్దేది. రెండేళ్ళయ్యాక ఒకనాడు మేత వేసే పెద్దాయన వెళ్ళి యజమానితో అన్నాడట: "ఆ అమ్మాయి పాచి రుద్దుతూ పలక మీద అంకెల్లో తప్పులు పట్టుకుంటోంది. బ్రష్షు తీసేసి మీటరు ఇవ్వండి." అలా ఆమె చేతికి మీటరు వచ్చింది.

ఆ పెద్దాయన్ని అందరూ గుప్పెడు మావయ్య అనేవాళ్ళు. మేత కొలవడానికి యజమాని తెప్పించిన డబ్బా ముప్పయ్యేళ్ళుగా మేకుకే వేలాడుతోంది. ఆయన కొలత ఆయన గుప్పెడే. మొదటి గుప్పెడు చల్లి, నీళ్ళు ఎలా కదిలాయో చూసి, రెండోది ఎంత వేయాలో తేల్చుకునేవాడు. "ఇవాళ వీటికి ఆకలి లేదు, మబ్బు పట్టింది కదా" అని సగంలో ఆపేసేవాడు. సాయంత్రానికి నిజంగానే తొట్టి అడుగున మేత మిగలకుండా ఉండేది. ఆమెను మాత్రం మొదటి రోజు నుంచీ "అమ్మాయ్" అనే పిలిచాడు.

ఇక మూడో మనిషి అల్లుడు. కూతురికి పెళ్ళయి ఏడాది దాటింది. పంపులు బాగుచేయడం తెలిసినవాడు కాబట్టి ఆమే యజమానికి చెప్పి పనిలో పెట్టించింది. రెండు గదుల ఇంట్లో ముగ్గురూ కలిసే ఉండేవాళ్ళు. మంచివాడు, చెయ్యి చురుకు. కానీ ఎవరైనా వేలెత్తి చూపిస్తే తట్టుకోలేడు. ఒకసారి అతను బిగించిన గుమ్మం తలుపు సరిగ్గా పడటం లేదని ఆమె అంటే, కంచం ముందు నుంచి లేచిపోయి, మూడు రోజులు ముభావంగా తిరిగాడు. కూతురు ఆ మూడు రోజులూ తల్లి వంక చూసిన చూపు ఆమె మర్చిపోలేదు. అప్పటి నుంచీ అల్లుడి పని గురించి నోరెత్తేది కాదు. అందులోనూ కూతురు కడుపుతో ఉంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఏడో తొట్టి నుంచి పన్నెండో తొట్టి దాకా కొత్త పంపు బిగించారు. అల్లుడే బిగించాడు. నీళ్ళు ధారగా, జోరుగా పడుతుంటే యజమాని భుజం తట్టి వెళ్ళాడు.

మూడో రోజు పొద్దున ఏడో తొట్టిలో మీటరు ముంచుతూ ఆమె ముంజేయి దాకా నీళ్ళలో పెట్టింది. బయటికి తీయబోతే చేతి మీది నూగు వెంట్రుకలకు సన్నటి బుడగలు పట్టుకుని ఉన్నాయి. సోడా గ్లాసులో పుల్ల ముంచితే పట్టుకున్నట్టు. తుడుచుకుని మళ్ళీ ముంచింది. మళ్ళీ పట్టుకున్నాయి. తొట్టి గోడల మీద కూడా అవే.

ఎప్పుడో మీటరు పని నేర్పించడానికి వచ్చిన మాస్టారు ఒక మాట చెప్పాడు. పంపు నీళ్ళను లాగే పైపులో ఎక్కడైనా సన్నటి సందుంటే, అది నీళ్ళతో పాటు గాలినీ పీలుస్తుంది. పంపు ఆ గాలిని నలిపి నీళ్ళలోకి కుక్కేస్తుంది. మీ మీటరు ఆక్సిజన్ ఒక్కటే చూస్తుంది, మిగతా గాలిని చూడదు, అందుకని అంకె బాగానే కనిపిస్తుంది. చేతికి బుడగలు పట్టుకుంటే మాత్రం పంపు దగ్గరికి పరిగెత్తమన్నాడు. ఆ గాలి చేప ఒంట్లోకి చేరుతుంది, ముందుగా కళ్ళ వెనకే చేరుతుందని చెప్పాడు.

ఆ సాయంత్రం అల్లుడు చేతులు కడుక్కుంటుంటే మెల్లగా కదిపింది.

"బాబూ, కొత్త లైను నీళ్ళల్లో బుడగలు వస్తున్నాయి. పైపు జాయింటు ఏమైనా..."

"బుడగలుంటే మంచిదే కదత్తయ్యా! చేపలకు ఊపిరాడుతుంది. మీ మీటరు ఏం చెప్తోంది?"

"మీటరు బాగానే చెప్తోంది."

"మరింకేం?" అని తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు పక్కన నిలబడ్డ కూతురు, 'వదిలెయ్యమ్మా' అన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. ఆమె వదిలేసింది.

పది రోజులకు గుప్పెడు మావయ్య ఏడో తొట్టి దగ్గర నుంచి కేకేశాడు.

"అమ్మాయ్, ఇటు రా. ఇది చూడు, ఎవరో గుద్దినట్టు కన్ను ఎలా ఉబ్బిందో!"

చేప కన్ను గుంటలోంచి బయటికి పొడుచుకొచ్చింది. మర్నాటికి అలాంటివి ఏడు. వారానికి లెక్కపెట్టడం మానేశారు. ఉబ్బిన కళ్ళు గోడలకు రాసుకుని పుళ్ళయ్యాయి. పుళ్ళ మీద పొర కమ్మి ఉడికిన గుడ్డు తెల్లసొనలా తెల్లబడ్డాయి. కొన్నింటికి ఒక కన్ను, కొన్నింటికి రెండూ. రెండూ పోయిన చేపల ఒళ్ళు నల్లగా మారింది. అవి మేత పడ్డ చప్పుడుకు మిగతావాటితో దూకలేక, నీళ్ళు పడే మూల చేరి ఊరికే మూతులు ఆడించేవి. గుప్పెడు మావయ్య నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి నీళ్ళలోకి చాచి, వాటి నోటి ముందు ఒక్కొక్క గింజ వదిలేవాడు. "తిను తల్లీ, ఇదిగో, ఇక్కడ, ఇక్కడ" అంటూ. ఆమె పక్కనే పలక మీద అంకెలు వేస్తూ నిలబడేది. అన్నీ బాగున్న అంకెలే.

చెబుదామని అనుకోకపోలేదు. ప్రతి పొద్దునా అనుకునేది. కానీ మొదటి రోజు చెప్పకపోయిన మాట పదో రోజుకు ఎంత బరువవుతుందో ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది. ఇప్పుడు చెబితే, మరి ఇన్నాళ్ళూ ఏం చేశావని అడుగుతారు. ఏమని చెప్పాలి? మా అల్లుడు అలుగుతాడని ఊరుకున్నానని చెప్పాలా?

ఈలోగా యజమాని మేత గదిలోకి వెళ్ళి ఒక బస్తా విప్పి వాసన చూశాడు. ముక్కు పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇదేంటి, ఈ మేత ఇలా కంపు కొడుతోంది?"

గుప్పెడు మావయ్య ముఖం పాలిపోయింది. గోదాం కప్పు కారుతోందని, బస్తాలు తడిసి బూజు పడతాయని, ఎండలు రాకముందు ఆయనే వాటిని రేకుల షెడ్డులోకి మార్పించాడు. తర్వాత కప్పు బాగుచేశారు కానీ బస్తాలు మళ్ళీ వెనక్కి మార్చలేదు. ఎండాకాలమంతా రేకుల కింద ఉడికాయి. పెద్ద చేపలకు వేసే లావు గింజల బస్తాలు అవే. పెద్ద చేపలున్నది ఏడు నుంచి పన్నెండు తొట్లలోనే. చిన్న చేపలకు వేసే సన్న మేత వేరే గదిలో చల్లగానే ఉంది. ఇంకెవరికీ అనుమానం రాలేదు. ఏ తొట్లలో కళ్ళు పోయాయో, ఆ తొట్లకే ఆ మేత.

చేపల డాక్టరుకు కబురు వెళ్ళింది. ఆయన వచ్చేది మర్నాడని తెలిసిన సాయంత్రం, ఆమె అల్లుడి దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"బాబూ, నామీద కోపం పెట్టుకోకు. రేపు డాక్టరు వస్తాడు. పంపు జాయింటు ఒక్కసారి బిగించి రాకూడదూ? ఎందుకైనా మంచిది."

అత్తగారు అంతలా ప్రాధేయపడటం ఎప్పుడూ చూడలేదేమో, అతను పానా తీసుకుని వెళ్ళాడు. వాషరు మార్చి, జాయింటు చుట్టూ రబ్బరు చుట్టి వచ్చాడు. "కొంచెం వదులుగానే ఉంది. పెద్ద విషయం కాదులెండి" అన్నాడు. పొద్దునకల్లా నీళ్ళు తేటపడ్డాయి. ఒక్క బుడగ లేదు.

డాక్టరు స్కూటరు మీద వచ్చాడు. ఇంకో రెండు చోట్లకు వెళ్ళాలని తొందరలో ఉన్నాడు. రెండు చేపల్ని తీయించి, చిన్న లైటు వేసి కళ్ళలోకి చూశాడు.

"చేపకు రెప్పల్లేవు కదండీ. నీళ్ళలో ఏమున్నా నేరుగా కంటికే తగులుతుంది. గాలి ఎక్కువైతే కన్ను ఉబ్బుతుంది, తర్వాత చితికి తెల్లబడుతుంది. అది చాలావాటికి ఒక పక్కే వస్తుంది. మేత వల్లయితే వేరు. మేతలో నూనె పాడైనా, విటమిన్లు చచ్చినా, జింకులాంటివి తగ్గినా, కంటి లోపలి బిళ్ళ తెల్లబడుతుంది. అదైతే రెండు కళ్ళకూ వస్తుంది. ఇక్కడ చూస్తే రెండు రకాలూ ఉన్నట్టున్నాయి." తలెత్తి అడిగాడు. "నీళ్ళు చూసేదెవరు?"

ఆమె ముందుకొచ్చింది.

"రీడింగులెలా ఉన్నాయమ్మా?"

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్."

"చెయ్యి పెడితే బుడగలేమైనా పట్టుకుంటున్నాయా?"

అందరూ ఆమె వంకే చూస్తున్నారు. పంపు గది గుమ్మంలో అల్లుడు పానా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చీర కొంగు దోపుకుని, వంగి, చెయ్యి మోచేతి దాకా ముంచింది. అంతమంది ముందు ఆ చేతిని పైకెత్తి చూపించింది. నున్నటి చెయ్యి, కారుతున్న నీళ్ళు.

"లేవు సార్."

నిన్నటిదాకా ఉన్నాయి. ఆ రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి.

"అయితే మేతే అయ్యుండాలి. శాంపిలు ల్యాబుకు పంపండి. ఈలోగా ఈ బస్తాలు ఆపేయండి" అని డాక్టరు చేతులు కడుక్కున్నాడు.

గుప్పెడు మావయ్య ఎదురు చెప్పలేదు. ఎవరి మీదా అరవలేదు. యజమాని ఏదో అనబోతుంటే చేతితో వారించి, మొలతాడుకు కట్టుకున్న షెడ్డు తాళంచెవి విప్పి ఆయన ముందు బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాదేనండీ. బస్తాలు వెనక్కి మార్పిస్తే పోయేది. బద్ధకించాను. ఇన్ని కళ్ళు పోగొట్టాను. ఇంక ఈ చేత్తో మేత వెయ్యలేను."

వెళుతూ ఆమె పక్కన ఆగాడు. "నీళ్ళు జాగ్రత్తగా చూసుకో అమ్మాయ్" అన్నాడు. ఆ మాట దెప్పిపొడుపు అయ్యుంటే ఆమె తట్టుకునేది. అది నిజంగా చెప్పిన మాట.

కొత్త మేత వచ్చింది. కొత్తగా కళ్ళు ఉబ్బడం ఆగిపోయింది. చూశారా మేతేనని అందరూ అన్నారు. పాత మేత ఆపిన రోజుకు ముందు రోజే జాయింటు బిగిసిందని ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇంకో సంగతి కూడా ఆమెకే తెలుసు. ఆమె కూర్చునే చిన్న గది వెనక ఒక గుండ్రటి తొట్టి ఉంది. వారానికోసారి తూకం చూడటానికి పెద్ద చేపలు పదింటిని ఎప్పుడూ అందులోనే ఉంచేవాళ్ళు. ఆ తొట్టికి నీళ్ళు పాత పంపు నుంచి వస్తాయి. మేత మాత్రం షెడ్డులో ఉడికిన బస్తాలదే, ఎండాకాలమంతా ఆమే తన చేత్తో వేసింది. ఆ పది చేపల ఇరవై కళ్ళూ అద్దాల్లా ఉన్నాయి. ఆమె అడుగుల చప్పుడు వినగానే పదీ ఒడ్డుకొచ్చి, ఒక పక్కకు ఒరిగి, ఆమె ముఖంలోకి చూసేవి. ఒక వారం ఓర్చుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు బుట్ట వలతో వాటిని పట్టి, పదో తొట్టిలోని పెద్ద చేపల్లో కలిపేసింది. అప్పటిదాకా ఆమె చేసింది నోరు మూసుకోవడం. ఇది అలాంటిది కాదు. ఇది కావాలని చేసిన పని.

మనవరాలు పుట్టింది. ఇల్లంతా సందడి. ఆసుపత్రిలో పసిదాన్ని చేతుల్లో పెడితే అది కళ్ళు తెరిచి ఎటో చూసింది. "అమ్మమ్మను చూస్తోంది!" అని కూతురు మురిసిపోయింది. ఆమె పసిదాన్ని వెంటనే కూతురి పక్కలో పడుకోబెట్టి, మంచినీళ్ళు తెస్తానని బయటికి వచ్చి, వరండా చివర గోడకు ముఖం పెట్టుకుని నిలబడింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని ఒక నర్సు వీపు నిమిరి వెళ్ళింది.

మరో నెలకు, పసిదాని జలుబు మందు కోసం దుకాణం ముందు వరుసలో నిలబడి ఉంటే ఎవరో భుజం తట్టారు. గుప్పెడు మావయ్య భార్య.

"మనవరాలటగా! చల్లగా ఉండాలి. ఎవరి పోలిక?"

"వాళ్ళ నాన్న పోలికే అత్తా. మావయ్య ఎలా ఉన్నాడు?"

ఆవిడ నిట్టూర్చింది. "ఏం చెప్పను తల్లీ. ఉన్నాడంటే ఉన్నాడు. పెరట్లో నాలుగు కోళ్ళున్నాయి. గింజలు వెయ్యమంటే వెయ్యడు. 'నా చెయ్యి మంచిది కాదే, నువ్వే వెయ్యి' అంటాడు. మొన్న పక్కింటి పిల్ల బిస్కెట్టు చేతికిచ్చి కుక్కపిల్లకు పెట్టమంటే, ఆ బిస్కెట్టు నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. ముప్పయ్యేళ్ళు తిండి పెట్టిన మనిషి! ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు."

మందు తీసుకుందో, చిల్లర తీసుకుందో ఆమెకు గుర్తులేదు. అన్నాళ్ళూ ఆమె తనకు తాను చెప్పుకున్న సమాధానం ఒకటుంది. ముసలాయన ఎలాగూ ఇంకో ఏడాదో రెండేళ్ళో చేసి మానేసేవాడు, పిల్లలు చూసుకుంటారు, ఇంట్లో విశ్రాంతిగా ఉన్నాడు అని. తాను ఆయన పని ఒక్కటే తీసేసిందని అనుకుంది. ఆయన చేతుల్నే తీసేసిందని ఆ వరుసలో నిలబడే దాకా తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అల్లుడు పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఊపుతున్నాడు. ఆమె మందు సీసా గూట్లో పెట్టి, అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. కూతురు వంటగదిలోంచి తొంగి చూసింది. ఈసారి ఆమె కూతురి వంక చూడలేదు.

"బాబూ, ఆ చేపల కళ్ళు పోయింది మేత వల్ల కాదు. జాయింటు వల్ల."

అతను ఊపడం ఆపాడు. ఆమె ఆనాటి మాస్టారి మాట చెప్పింది, చేతికి పట్టిన బుడగల గురించి చెప్పింది, గుండ్రటి తొట్టి పది చేపల సంగతీ చెప్పింది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు.

"అంటే... అవన్నీ నా వల్లా?"

"నీకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "తిట్టి ఉంటే ఒక పూట బాధపడేవాణ్ణి. మహా అయితే రెండు పూటలు. ఆ పెద్దాయన రోజూ నన్ను 'ఏవయ్యా ఇంజనీరూ' అని పలకరించేవాడు. ఆయన వెళ్ళిపోయిన రోజు నేను, 'ముసలోడికి మతిమరుపు వచ్చింది' అని నలుగురిలో నవ్వాను."

అల్లుణ్ణి కాపాడుతున్నానని అనుకుంది. ఏ మనిషి ముందు తలదించుకోవాలో అతనికి తెలియకుండా చేసింది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళింది. అల్లుడు తానూ వస్తానన్నాడు. "ముందు నన్ను వెళ్ళనీ" అంది.

పెద్దాయన వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ముఖం విప్పారింది. "రా అమ్మాయ్! ఎన్నాళ్ళకు! ఏమే, ఎవరొచ్చారో చూడు." ఆమె కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం. నిలబడే చెప్పేసింది. ముందు గుండ్రటి తొట్టి చేపల గురించి చెప్పింది. ఆయన ముందుగా వినాల్సింది అదేనని దారంతా అనుకుంటూ వచ్చింది.

"పది చేపలు మావయ్యా. నువ్వు మార్పించిన బస్తాల మేతే తిన్నాయి, ఎండాకాలమంతా. ఒక్క కన్ను పాడవలేదు. నీ మేత వల్ల ఏ చేపా గుడ్డిది కాలేదు. నీళ్ళ వల్ల. నాకు ముందే తెలుసు."

లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చిన భార్య గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"డాక్టరు అడిగినప్పుడు నువ్వు చెయ్యి ముంచి చూపించావు కదా" అన్నాడు పెద్దాయన.

"చూపించాను. ముందు రోజు సాయంత్రం జాయింటు బిగించాం. అందుకే బుడగల్లేవు."

"నేను అక్కడే ఉన్నాను."

"ఉన్నావు మావయ్యా."

"ఈ అమ్మాయి చూసి చెప్పిందంటే నీళ్ళలో తేడా లేదు, ఇక తేడా నాలోనే అనుకున్నాను. ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు." ఆయన గొంతు పెరగలేదు. అరచేతులు తిరగేసి వాటి వంకే చూసుకుంటున్నాడు. "ఇన్ని నెలలు... పొద్దున లేవగానే ఆ తెల్ల కళ్ళే కనపడేవమ్మా. మూల చేరి మూతులాడించేవి. వాటిని అలా చేసింది నేనేననుకుని..."

ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు. లే. యజమానికి చెప్పావా?"

"లేదు. ముందు నీకే..."

"చెప్పు. చెప్పాక కూడా ఇటు రాకు. కొన్నాళ్ళు నిన్ను చూడలేను." ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. భార్య ఆ గ్లాసు ఆమె చేతికే ఇచ్చింది. తాగే దాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని, తలుపు దగ్గరగా వేసింది.

యజమాని గదికి అత్తా అల్లుడూ కలిసే వెళ్ళారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి, ఇద్దరూ ఆగి, చివరికి ఆమే మొదలుపెట్టింది. యజమాని ముందు బల్ల మీద చరిచాడు. పద్దెనిమిదేళ్ళ నమ్మకం గంగలో కలిపావన్నాడు. ఆ పెద్దాయన ముఖం నేనెలా చూడనని అరిచాడు. ఆ మాట అంటూనే గొంతు తగ్గింది. సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. ల్యాబు వాళ్ళు పంపిన ఉత్తరం. వచ్చి రెండు నెలలు దాటింది. మేతలో విటమిన్లు కొంత తగ్గిన మాట నిజమే కానీ, కళ్ళు పోయేంతగా కాదని అందులో రాసి ఉంది.

"చూసి పక్కన పెట్టేశాను" అన్నాడు యజమాని ఎవరి వంకా చూడకుండా. "ఇక వచ్చేదేముంది, అయిపోయింది కదా అనుకున్నాను."



ఆమె మీటరు వెనక్కి ఇచ్చేసింది. ఎవరూ అడగలేదు, తానే ఇచ్చింది. పొమ్మంటే పోయేదే, కానీ పొమ్మనలేదు. చేరినప్పుడు చేసిన పనే ఇప్పుడు మళ్ళీ చేస్తోంది. ఖాళీ తొట్లలోకి దిగి, గోడల పాచి రుద్దుతోంది. యాభై దాటాక నడుము వంగడం అప్పటంత సులువు కాదు. అల్లుడు పీల్చే పైపు మొత్తం పీకేసి కొత్తది వేశాడు. ఆ ఆదివారమే పెద్దాయన ఇంటికి ఒక్కడే వెళ్ళాడు. అక్కడ ఏం జరిగిందో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. రాత్రి కంచం ముందు కూర్చుని మొత్తం తిన్నాడు. కూతురు మాత్రం వారం రోజులు తల్లితో ముక్తసరిగా మాట్లాడింది. తర్వాత ఒకరోజు పసిదానికి నూనె రాస్తూ, "ఆ రోజు వదిలెయ్యమని సైగ చేసింది నేనే కదమ్మా" అంది. "సైగ చేసింది నువ్వే, వదిలేసింది నేను" అని ఆమె పసిదాన్ని అందుకుంది.

యజమాని స్వయంగా వెళ్ళి రమ్మని అడిగితే పెద్దాయన రోజూ రానన్నాడు. చూపు పోయిన చేపల్ని అన్నిటినీ ఒక్క తొట్టిలో వెయ్యండి, వాటి కోసం అయితే వస్తానన్నాడు. తొమ్మిదో తొట్టిలో వేశారు. రోజు విడిచి రోజు పొద్దునే వచ్చేవాడు. తొట్టి గోడను అరచేత్తో రెండుసార్లు తట్టి, ఒక్క మూలే మేత వదిలేవాడు. మొదట్లో రెండు మూడే వచ్చేవి. ఇరవై రోజులకు గోడ తట్టగానే ఆ మూల నీళ్ళు కుతకుతలాడేవి. కొత్తగా మేత వేసే మనిషిని పక్కన పెట్టుకుని ఎలా తట్టాలో, ఎంతసేపు ఆగాలో నేర్పాడు. ఆయన వచ్చే రోజుల్లో ఆమె దూరంగా ఉన్న తొట్టిలోకి దిగి పని చేసుకునేది. ఆయన గొంతు వినపడేది. "ఇదిగో, ఇక్కడ తల్లీ, ఇక్కడ."

నీళ్ళు చూడటానికి ఇంకో ఊరి నుంచి ఒక ఆవిడ వచ్చి చేరింది. చేరిన రోజున ఏమేం చూసుకోవాలని ఆమెను అడిగింది. ఆమె తడి చేతులు తుడుచుకుని గట్టు మీద కూర్చుని అంతా చెప్పింది. బుడగలు, జాయింటు, డాక్టరు, చెయ్యెత్తి చూపించడం, పది చేపల్ని దాచేయడం. ఏదీ తగ్గించలేదు. వింటూ వింటూ కొత్తావిడకు ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరికి ముందు చెప్పాలి, ఎవరు అలుగుతారు అనేది చూడొద్దని, కనపడ్డ రోజే చెప్పేయమని మాత్రం అని, ఆమె మళ్ళీ తొట్టిలోకి దిగింది.

పెద్దాయన ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. ఒక్కసారి మాత్రం, వాన మొదలై అందరూ షెడ్డు కిందకు పరిగెత్తినప్పుడు, ఇద్దరూ పక్కపక్కన నిలబడాల్సి వచ్చింది. రేకుల మీద వాన మోత. ఆమె తల వంచుకుని పాదాల వంక చూసుకుంటోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మనవరాలు కూర్చుంటోందా?" అని అడిగాడు.

"కూర్చుంటోంది" అంది ఆమె. మావయ్యా అనబోయి, ఆ పిలుపు ఇంకా తనకు మిగిలిందో లేదో తెలియక ఆగిపోయింది. ఆయన తలూపాడు. వాన కాస్త తెరిపివ్వగానే తొమ్మిదో తొట్టి వైపు నడిచాడు.